ల్యాండ్‌ఫిల్ గ్యాస్ శుద్ధి: ఫిల్టర్ కొనే ముందు బావుల దగ్గరికి వెళ్లండి

మీరు అడిగింది ఇదీ: చెత్త గుట్టలోంచి వచ్చే గ్యాస్‌తో ఒక మెగావాట్ ఇంజిన్ నడుపుతున్నారు. అనుకున్నంత కరెంటు రావడం లేదు, ఇంజిన్ మాటిమాటికీ ట్రిప్ అవుతోంది (తనంతట తానే ఆగిపోతోంది), ఓవర్‌హాల్, అంటే ఇంజిన్ మొత్తం విప్పి బాగుచేసే పని, గడువు కంటే ముందే వచ్చిపడుతోంది. గ్యాస్‌ను శుభ్రం చేసే యూనిట్ పెడితే సామర్థ్యం పెరుగుతుందా, పెట్టాలంటే ఏ రకం పెట్టాలి, కార్బన్ డయాక్సైడ్ కూడా తీసేయాలా?

నేను ఇలాంటి ప్లాంట్‌లో 9 ఏళ్లు మెయింటెనెన్స్ చూశాను. మొదటి రెండేళ్లూ తప్పులు చేయడంతోనే గడిచాయి. మీకు ఎక్కువగా పనికొచ్చేవి ఆ తప్పులేనని నా నమ్మకం, అందుకే కాస్త పెద్ద జవాబు రాస్తున్నాను.

ఫిల్టర్ పెట్టినంత మాత్రాన గ్యాస్‌లో కొత్తగా మీథేన్ పుట్టుకురాదండీ. ల్యాండ్‌ఫిల్ గ్యాస్‌లో సుమారు సగం మీథేన్. మిగతాది చాలావరకు కార్బన్ డయాక్సైడ్, కొంచెం నైట్రోజన్, ఆక్సిజన్, నిండా తేమ. మనల్ని ఏడిపించేవి లెక్కలోకి కూడా రానంత కొద్దిగా ఉంటాయి: హైడ్రోజన్ సల్ఫైడ్, సైలోక్సేన్లు అనే సిలికాన్ ఆవిర్లు, క్లోరిన్ కలిసిన కొన్ని ఆవిర్లు. వీటిని తీసేశాక ఇంజిన్ సామర్థ్యం 39 శాతం నుంచి 40కి చేరితే గొప్ప. అసలు లాభం నడిచే గంటల్లో ఉంటుంది. ఏడాదికి 8,760 గంటలు. మీ ఇంజిన్ ఇప్పుడు వాటిలో 75 శాతమే నడుస్తోందనుకోండి. శుభ్రమైన గ్యాస్‌తో అది 92 శాతానికి వస్తే దాదాపు 1,490 గంటలు అదనంగా దొరుకుతాయి. ఒక మెగావాట్ ఇంజిన్‌కు అది సుమారు 15 లక్షల యూనిట్లు. సామర్థ్యం ఒక్క పాయింట్ పెరగడం వల్ల వచ్చేది రెండు లక్షల యూనిట్లు కూడా ఉండదు. కాబట్టి అమ్మేవాళ్లు "సామర్థ్యం ఇంత పెరుగుతుంది" అని చెబితే వినండి గానీ, "ఓవర్‌హాల్‌కూ ఓవర్‌హాల్‌కూ మధ్య ఎన్ని గంటలు నడుస్తుంది" అని అడగడం మర్చిపోకండి.

మొదటిసారి మా ఇంజిన్ సిలిండర్ హెడ్ విప్పినప్పుడు పక్కనే ఉన్నాను. లోపల మసి పట్టి నల్లగా ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పిస్టన్ పైన, ఎగ్జాస్ట్ వాల్వ్ అంచుల చుట్టూ, స్పార్క్ ప్లగ్ కొన మీద పొరలు పొరలుగా కట్టింది. వేలితో రాస్తే పైపొర పిండిలా రాలింది. కింది పొర గోటికి లొంగలేదు. స్క్రూడ్రైవర్‌తో గీకితే గాజు పెంకులాంటి ముక్క టక్కున ఎగిరిపడింది. మా షిఫ్ట్‌లో ఉన్న పెద్దాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని "ఇది షాంపూ రా అబ్బాయ్" అన్నాడు. వేళాకోళం ఆడుతున్నాడనుకున్నాను.

ఆయన చెప్పింది నిజమే. షాంపూలు, క్రీములు, చెమట వాసన రాకుండా పూసుకునే డియోడరెంట్లు, రకరకాల సిలికోన్ సరుకులు, ఇవన్నీ చివరికి చెత్తలోకే చేరతాయి. వాటిలోని సిలికోన్ పదార్థాలు గుట్ట లోపలి వేడికి ఆవిరై గ్యాస్‌తో పాటు పైకి వస్తాయి. వీటినే సైలోక్సేన్లు అంటారు. డీ4, డీ5, ఎల్2 అని ల్యాబ్ రిపోర్టుల్లో కనిపించేవి ఇవే. గ్యాస్‌గా ఉన్నంతసేపు ఏ హానీ చేయవు. ఇంజిన్‌లో మండగానే వాటిలోని సిలికాన్ కాస్తా సిలికాగా, అంటే ఇసుకలో ఉండే పదార్థంగా మారుతుంది.

ఎంత ఇసుక అని మీకు అనుమానం రావచ్చు. ఒక మెగావాట్ ఇంజిన్‌కు గంటకు సుమారు 500 ఘనపు మీటర్ల గ్యాస్ కావాలి. ఘనపు మీటరుకు 20 మిల్లీగ్రాముల సైలోక్సేన్లు ఉన్నాయనుకుందాం. అంటే గంటకు 10 గ్రాములు. డీ4 అయినా డీ5 అయినా బరువులో సుమారు 80 శాతం సిలికా అయిపోతుంది. అంటే గంటకు 8 గ్రాములు, వెయ్యి గంటలకు 8 కిలోలు. చాలా భాగం పొగతో పాటు బయటికి పోతుంది, లేకపోతే ఇంజిన్ నెల కూడా నడవదు. లోపల అతుక్కునే కొద్దిపాటి దానితోనే మన కొంప మునుగుతుంది.

మీకు కరెంటు తక్కువ రావడానికి కారణం కూడా ఇక్కడే ఉండొచ్చు. పిస్టన్ మీద పెంకు కట్టేకొద్దీ దహన గది ఇరుకవుతుంది, కంప్రెషన్ పెరుగుతుంది, నాకింగ్ (గ్యాస్ అదుపు తప్పి పేలినట్టు మండడం) మొదలవుతుంది. కంట్రోలర్ దాన్ని పసిగట్టి ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరుపుతుంది, అదీ చాలకపోతే లోడ్ దించుతుంది. ప్యానెల్ మీద చూసేవాడికి మాత్రం "గ్యాస్ సరిగ్గా రావట్లేదు" అనిపిస్తుంది. ఇక వాల్వ్ అంచుకు పెంకు పడితే అది పూర్తిగా మూసుకోదు. ఆ సందులోంచి వేడి పొగ చిమ్మి అంచును కోసేస్తుంది.

ఇప్పుడు మా మొదటి పెద్ద తప్పు. సైలోక్సేన్లకు యాక్టివేటెడ్ కార్బన్ (ఆవిర్లను పట్టుకునే సన్నరంధ్రాల బొగ్గు) మందు అని తెలిసింది. వెంటనే ఒక పెద్ద ట్యాంకు తెప్పించి, నిండా కార్బన్ పోసి, గ్యాస్‌ను లాగే బ్లోయర్ తర్వాత బిగించేశాం. ఆరు నెలలు వస్తుందన్నారు. ఆరు వారాలు కూడా రాలేదు. అమ్మినవాళ్లు కార్బన్‌ది తప్పు లేదన్నారు, మేము ఉందన్నాం, ఉత్తరాలు అటూ ఇటూ నడిచాయి. చివరికి ట్యాంకు అడుగున ఉన్న డ్రెయిన్ వాల్వ్ తిప్పితే నీళ్లు బుడబుడమంటూ కారాయి. మేము గ్యాస్‌ను వడకట్టలేదు, కార్బన్‌ను నానబెట్టాం!

చెత్త గుట్టలోంచి వచ్చే గ్యాస్ తేమతో నిండిపోయి ఉంటుంది. 40 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 50 గ్రాములకు పైగా నీటి ఆవిరి పడుతుంది. అదే గ్యాస్‌ను 5 డిగ్రీలకు చల్లారిస్తే 7 గ్రాములే నిలుస్తుంది. మీ 500 ఘనపు మీటర్లకు లెక్కేస్తే గంటకు 20 లీటర్లకు పైన, రోజుకు 500 లీటర్లకు పైన నీరు. ఇదంతా కార్బన్ సన్నరంధ్రాల్లోకి దూరితే సైలోక్సేన్‌కు ఇక చోటేదీ?

అందుకే ముందు చిల్లర్ పెట్టాలి. గ్యాస్‌ను 4, 5 డిగ్రీలకు దించి నీళ్లు రాల్చాలి, రాలిన తుంపర్లను డెమిస్టర్‌తో పట్టాలి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, మేమూ ఆగిపోయాం. 5 డిగ్రీల దగ్గర బయటికొచ్చే గ్యాస్‌లో తేమ తక్కువే అయినా, ఆ ఉష్ణోగ్రతకు అది 100 శాతం నిండుగానే ఉన్నట్టు లెక్క. దాన్ని మళ్లీ 15 డిగ్రీలు వేడి చేసి 20కి తెస్తే సాపేక్ష తేమ 40 శాతానికి పడుతుంది. కార్బన్ సుఖంగా పనిచేసేది అప్పుడే. ఈ వేడి కోసం హీటర్ పెట్టి కరెంటు తగలెయ్యకండి. లోపలికొచ్చే వేడి గ్యాస్‌తోనే బయటికెళ్లే చల్లటి గ్యాస్‌ను వేడెక్కించే ఎక్స్ఛేంజర్ పెట్టుకుంటే చిల్లర్ మీద భారం కూడా తగ్గుతుంది. చిల్లర్, బ్లోయర్ తినే కరెంటు కూడా మీ ఉత్పత్తిలోంచే పోతుందని మర్చిపోవద్దు. గ్యాస్ చల్లబడినప్పుడు నీటితో పాటు కొంచెం సైలోక్సేన్ కూడా దిగుతుంది. దాన్ని నమ్ముకుని కార్బన్ మానేయొద్దు, దిగేది నిజంగా కొంచెమే.

కార్బన్ విషయంలో ఇంకో మెలిక ఉంది. అది సైలోక్సేన్లనే ఏరుకుని పట్టదు, దారిన పోయే ప్రతి ఆవిరినీ పట్టుకుంటుంది. బరువైనవి వచ్చేకొద్దీ, ముందే కూర్చున్న తేలికైనవాటిని లేపి బయటికి నెడతాయి. ఎల్2 లాంటి తేలిక సైలోక్సేన్ మొదట జారిపోయేది ఇలాగే. ఒకసారి మా రిపోర్టులో ట్యాంకు ముందు ఉన్నదాని కంటే ట్యాంకు తర్వాత ఎల్2 ఎక్కువ కనిపించింది. శాంపిల్ సీసాలు తారుమారయ్యాయని ల్యాబ్ వాళ్లతో గొడవ పెట్టుకున్నాను. తారుమారు ఏమీ కాలేదు, అంతకుముందు పట్టుకున్నదాన్ని కార్బన్ వదిలేస్తోంది. అప్పటి నుంచి రెండు ట్యాంకులు వరుసగా పెట్టి, రెండింటి మధ్య శాంపిల్ తీసే అలవాటు చేసుకున్నాం. మధ్యలో సైలోక్సేన్ కనిపిస్తే మొదటి ట్యాంకు కార్బన్ మార్చి, రెండోదాన్ని ముందుకు తెస్తాం. గ్యాస్ ఎక్కువగా ఉండే పెద్ద ప్లాంట్లలో వేడి గాలితో పట్టినదంతా వదిలించి మళ్లీ వాడుకునే మీడియా (వడపోత పదార్థం) పెడతారు. ఒక్క మెగావాట్‌కు ఆ హంగామా అక్కర్లేదని నా అభిప్రాయం.

హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతి వేరు. కుళ్లిన గుడ్ల వాసన అంటే అదే. మీ గుట్టలో కూల్చిన భవనాల శిథిలాలు, ముఖ్యంగా జిప్సమ్ బోర్డు ముక్కలు కలుస్తుంటే ఇది బాగా ఎక్కువగా ఉంటుంది. జిప్సమ్‌లో ఉన్న సల్ఫేట్‌ను గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు సల్ఫైడ్‌గా మారుస్తాయి. తడి తగిలితే వాటికి ఇక పండగే. ఇంజిన్‌లో మండితే ఇది సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది, నీటితో కలిసి ఆమ్లం అవుతుంది, ఆయిల్‌లోకి దిగి బేరింగుల్లోని రాగి లోహాలను తినేస్తుంది. ఆయిల్ ఆమ్లాన్ని తట్టుకునే శక్తిని టీబీఎన్ అనే అంకెతో కొలుస్తారు. అది మామూలు కంటే త్వరగా పడిపోతుంటే గ్యాస్‌లో సల్ఫర్ పెరిగిందని అర్థం. ఇంజిన్ ఆగి చల్లబడినప్పుడు లోపలి తేమ నీరుగా మారి ఇంకా చేటు చేస్తుంది, కాబట్టి మాటిమాటికీ ట్రిప్ అయ్యే ఇంజిన్‌కు ఇది గోరుచుట్టు మీద రోకలి పోటు.

దీనికి మేము వాడింది ఐరన్ ఆక్సైడ్ పూసిన చెక్క ముక్కలు. ఐరన్ ఆక్సైడ్ సల్ఫైడ్‌ను పట్టుకుని ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. చౌక, కదిలే భాగాలు లేవు. కార్బన్‌కు తేమ పడదు, దీనికేమో తేమ కావాలి. ఎండిపోతే పనిచేయదు. అందుకే దీన్ని చిల్లర్‌కు ముందే పెట్టాలి. మేము మొదట తర్వాత పెట్టి దానిమీద రోజూ నీళ్లు చల్లుతూ కూర్చున్నాం, ఆ నీళ్లు మళ్లీ కార్బన్‌లోకి!

పాత మీడియా ఖాళీ చేసే రోజు మాత్రం జాగ్రత్త. ఐరన్ సల్ఫైడ్‌కు గాలి తగిలితే తిరిగి ఆక్సైడ్‌గా మారుతూ బాగా వేడి పుట్టిస్తుంది, చెక్క ముక్కలు అంటుకుంటాయి. మేము ఒక మధ్యాహ్నం ట్యాంకు మూత తీసి భోజనానికి వెళ్లాం. తిరిగొచ్చేసరికి బయట పోసిన కుప్పలోంచి ఆవిరి లేస్తోంది. ఆవిరేలే అనుకుని పారతో తిరగేస్తే లోపల ఎర్రటి నిప్పు. పక్కనే గ్యాస్ లైన్. ఆ తర్వాత ఎప్పుడు విప్పినా ముందు నీళ్లతో ముంచడం, తీసినదాన్ని పల్చగా పరచడం, గొట్టం పట్టుకుని ఒక మనిషి నిలబడటం తప్పనిసరి చేశాం.

ఇంకో మాట, వాసన వస్తోంది కాబట్టి తెలుస్తుందిలే అని ముక్కును నమ్మకండి. 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో 100) దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారి వాసన తెలియడం మానేస్తుంది. కండెన్సేట్ సంప్ (గ్యాస్‌లోంచి రాలిన నీళ్లు చేరే గుంట) మూత తీసేవాడి చొక్కాకు గ్యాస్ మీటర్ ఉండాల్సిందే. సల్ఫర్ చాలా ఎక్కువగా ఉంటే చెక్క ముక్కలు మార్చలేక చస్తారు. అప్పుడు సూక్ష్మజీవులతో నడిచే బయో స్క్రబ్బర్ గురించి ఆలోచించండి.

ఇంతదాకా ఫిల్టర్ల గురించే రాశాను. కానీ ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే మొదటి నెలంతా బావుల దగ్గరే, అంటే గ్యాస్ లాగడానికి గుట్టలోకి దింపిన గొట్టాల దగ్గరే, గడుపుతాను. గ్యాస్‌లో కలిసే చెడుల్లో ఎక్కువ నష్టం చేసేది మామూలు గాలి. దాన్ని ఏ కార్బనూ పట్టలేదు. ఇంజిన్‌కు గ్యాస్ చాలడం లేదని బ్లోయర్ లాగుడు పెంచుతాం. గుట్ట గ్యాస్‌ను పుట్టించే వేగం కంటే ఎక్కువగా లాగితే పైనున్న మట్టి పగుళ్లలోంచి గాలి లోపలికి పీల్చుకుంటుంది. మీథేన్ శాతం పడిపోతుంది, ఇంజిన్ మొరాయిస్తుంది, మనం ఇంకా లాగుతాం. మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులకు ఆక్సిజన్ విషం కాబట్టి పుట్టేది కూడా తగ్గిపోతుంది. అసలుకే ఎసరు. మరీ ముదిరితే గుట్ట లోపల చెత్త రాజుకోవచ్చు. బావి ఉష్ణోగ్రత 55 డిగ్రీలు దాటుతుంటే, గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ కనిపిస్తుంటే లాగుడు వెంటనే తగ్గించండి.

గాలి ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడానికి ఒక చిన్న లెక్క ఉంది. మామూలు గాలిలో నైట్రోజన్, ఆక్సిజన్ నిష్పత్తి సుమారు 3.7. చేతి మీటర్‌లో మీథేన్, కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్ పోగా మిగిలినదాన్ని నైట్రోజన్ అనుకోండి. ఆక్సిజన్ 2, మిగిలినది 7 లేదా 8 వచ్చిందంటే గాలి ఉన్నదున్నట్టు దూరింది, అంటే గొట్టంలోనో బావి తల దగ్గరో లీకు. అదే ఆక్సిజన్ అర శాతం కూడా లేకుండా మిగిలినది 15 ఉంటే గాలి చెత్తలోంచి ప్రయాణించి వచ్చింది, దారిలో ఆక్సిజన్‌ను సూక్ష్మజీవులు తినేశాయి. మొదటిదానికి స్పానర్ చాలు. రెండోదానికి ఆ బావి వాల్వ్ తగ్గించాలి, పైన పగిలిన మట్టిని కప్పాలి.

మాకు ఒక ఏడాది ప్రతి ఉదయం మీథేన్ 52 శాతం ఉండేది, మధ్యాహ్నానికి 46కి పడేది. అనలైజర్ చెడిపోయిందని రెండుసార్లు కాలిబ్రేట్ చేయించాం. చివరికి బావి తలకూ మెయిన్ లైన్‌కూ మధ్య ఉన్న ఒక రబ్బరు గొట్టం మీద, క్లిప్ కింద, వేలెడంత చీలిక దొరికింది. ఎండకు గొట్టం మెత్తబడి చీలిక నోరు తెరిచేది, రాత్రి చల్లబడి మూసుకునేది. గొట్టం మార్చడానికి పది నిమిషాలు పట్టింది.

పైపుల వాలు కూడా చూడండి. చెత్త కుంగేకొద్దీ పైపు మధ్యలో సంచిలా దిగి అక్కడ నీళ్లు నిలుస్తాయి. గ్యాస్ ఆ నీళ్లను తోసుకుంటూ గుడగుడమని ఆగి ఆగి వస్తుంది. ఇంజిన్ దగ్గర ప్రెషర్ ఊగిసలాడి ట్రిప్ అవుతుంది. మీకు వచ్చే ట్రిప్పుల్లో సగం ఇవే అయినా నేను ఆశ్చర్యపోను.

కార్బన్ డయాక్సైడ్ కూడా తీసేయాలా అన్నారు. ఇంజిన్‌కైతే అక్కర్లేదు. మండదు కానీ నాకింగ్‌ను అదుపులో ఉంచుతుంది, ఒకరకంగా మనకు చుట్టమే. గ్యాస్‌ను పైప్‌లైన్‌లోకో వాహనాలకో పంపాలంటే మాత్రం తీయాల్సిందే. మెంబ్రేన్, నీటి స్క్రబ్బర్, అమీన్, ప్రెషర్ మార్చుతూ పట్టి వదిలే పీఎస్ఏ లాంటి దారులు ఉన్నాయి. అక్కడా చిక్కు నైట్రోజన్‌తోనే. మీథేన్, నైట్రోజన్ అణువుల సైజులు చాలా దగ్గర దగ్గరగా ఉంటాయి, విడదీయడం కష్టం, ఖర్చు. కాబట్టి రేపు ఆ దారిలో వెళ్లాలనుకున్నా బావుల దగ్గర గాలి ఆపడం ఇప్పుడే నేర్చుకోవాలి. శుద్ధిలో వదిలేసే గ్యాస్‌లో కొంత మీథేన్ కూడా పోతుంటుంది, దాన్ని మంటలో కాల్చాలి. వాతావరణాన్ని వేడెక్కించడంలో 100 ఏళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 27 రెట్లు.

మీరు ఇప్పుడు ఏ యూనిట్‌కూ ఆర్డర్ పెట్టకండి. ప్రతి బావి దగ్గరా వారానికోసారి, వేర్వేరు వేళల్లో రీడింగులు తీయండి. సైలోక్సేన్లు, మొత్తం సల్ఫర్ ఎంతున్నాయో ల్యాబ్‌కు పంపించండి, ఒక్క శాంపిల్‌తో సరిపెట్టకుండా వానాకాలంలో ఒకటి, ఎండాకాలంలో ఒకటి. ఆయిల్ మార్చిన ప్రతిసారీ పాత ఆయిల్‌ను టెస్ట్ చేయించండి. అందులో సిలికాన్ పీపీఎం ఎన్ని గంటలకు ఎంత పెరుగుతోందో ఒక కాగితం మీద గీత గీసి కంట్రోల్ రూమ్ గోడకు అంటించండి. మా దగ్గర ఆ గీత నిటారుగా లేచిన రెండుసార్లూ కార్బన్ అయిపోయింది, ల్యాబ్ రిపోర్టు మాత్రం మూడు వారాల తర్వాత వచ్చింది.

బావుల రీడింగులు, సల్ఫర్, సైలోక్సేన్, ఈ మూడూ చేతికొచ్చాక రాయండి. ట్యాంకుల సైజు సంగతి అప్పుడు లెక్కేసుకుందాం.